అమ్మాయి బరువు, అమ్మాయి క్యాలెండర్

డిసెంబర్ సెలవుల్లో ఇండియా వెళ్లే మన కుటుంబాల్లో పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఇంట్లో కాలు పెట్టకముందే ఒక తీర్పు వినిపిస్తుంది. "ఆస్ట్రేలియా పాలు బాగా వంటబట్టినట్టున్నాయే" అనో, "ఏంటమ్మా, పిల్లకి తిండి పెట్టట్లేదా, పుల్లలా అయిపోయింది" అనో. మూడో మాట ఉండదు. అన్నవాళ్లది ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆ మాట అన్న పెద్దమ్మే లోపలికెళ్లి గారెలకు పప్పు నానబోస్తుంది. కానీ పిల్ల ఆ మాటను మూటగట్టుకుని మళ్లీ ఇక్కడిదాకా తెచ్చుకుంటుంది. విమానంలో దానికి కిలోల లెక్క లేదు మరి.

ఈ నెల ఒంటి తీరుకీ, బరువుకీ, నెలసరికీ ఉన్న సంబంధం గురించి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. బీజడ్‌సీతో బీఎస్సీ చేసి, ఇల్లు చూసుకుంటూ, చదివే అలవాటు మానుకోలేకపోయినదాన్ని. కాబట్టి ఇది చదివి మీ జీపీ దగ్గరకు వెళ్లడం మానకండి. వెళ్లేటప్పుడు ఏం అడగాలో తెలిస్తే నాకు చాలు.

మన ఇళ్లలో అమ్మాయి ఒంటిని అందరూ చూస్తారు, అమ్మాయి క్యాలెండర్‌ను మాత్రం ఎవరూ చూడరు. లావా సన్నమా అన్నది దారిన పోయేవాళ్లకు కూడా కనిపిస్తుంది. లోపల ఆ ఒంటికి శక్తి సరిపోతోందా లేదా, తిన్నది సరిగ్గా ఖర్చవుతోందా లేదా అన్న సంగతి కొంతవరకైనా చెప్పేది నెలసరి. అది కనిపెట్టుకోవాల్సింది మనం.

హార్వర్డ్‌లో పనిచేసిన రోజ్ ఫ్రిష్ 1970లలో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఆడపిల్ల రజస్వల కావడానికి వయసొక్కటే కాదు, ఒంట్లో కొవ్వు నిల్వ కూడా ఒక స్థాయికి చేరాలి అని. 1974లో జానెట్ మెకార్థర్‌తో కలిసి 'సైన్స్' పత్రికలో రాసినప్పుడు, మొదటి నెలసరికి బరువులో సుమారు 17 శాతం కొవ్వు, ఆ తర్వాత పెద్దయ్యాక నెలసరి నిలకడగా రావాలంటే సుమారు 22 శాతం కావాలని లెక్క చెప్పారు. ఆ అంకెలు గీత గీసినట్టు అందరికీ వర్తించవని తర్వాతివాళ్లు చూపించారు. అసలు ఆలోచన మాత్రం నిలబడింది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్ జన్యువును పట్టుకుంది. కొవ్వు కణాలు ఈ లెప్టిన్‌ను రక్తంలోకి వదులుతాయి. నిల్వ ఎంతుందో అది వెళ్లి మెదడులోని హైపోథాలమస్‌కు చెబుతుంది. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని పిల్లలు చాలా లావుగా ఉంటారు, అయినా చికిత్స లేకపోతే వాళ్లకు యుక్తవయసు మార్పులు సరిగ్గా రావు. కబురు అందక మెదడు ఆ ఒంట్లో కరువే ఉందనుకుంటుంది.

నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. గాదెలో ధాన్యం ఎంతుందో చూసుకోకుండా ఆవిడ ఏ శుభకార్యానికీ ఊ అనేది కాదు. హైపోథాలమస్ పని అదే. నిల్వ ఎంతుంది, రోజూ లోపలికి ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోంది అని చూసుకుని, ఫరవాలేదనుకుంటే అండాశయాలకు కబురు పంపుతుంది. లేదనుకుంటే వాయిదా వేస్తుంది.

అందుకే మొదటి నెలసరికి ముందు, పదీ పన్నెండేళ్ల మధ్య, చాలామంది ఆడపిల్లలు తుంట్లు, తొడలు, నడుము దగ్గర కాస్త ఒళ్లు చేస్తారు. అది గాదె నింపుకోవడం. జబ్బు కాదు. సరిగ్గా ఆ ఏడాదే మనం "చాక్లెట్లు తగ్గించు", "ఆ డ్రెస్ నీకు టైట్ అయింది" అని మొదలుపెడతాం. పాతకాలంలో పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి పెట్టేవాళ్లు, మినప సున్నుండలు పెట్టేవాళ్లు. మూలన కూర్చోబెట్టడాన్ని నేను సమర్థించను కానీ, ఈ వయసు పిల్లకు తిండి ఎక్కువ కావాలన్న సంగతి వాళ్లకు తెలుసు. మనం ఓణీల ఫంక్షన్‌కు హాలు బుక్ చేసి, ఫోటోల్లో సన్నగా కనిపించాలని నెల ముందు నుంచి పిల్లకు రాత్రిపూట అన్నం మాన్పిస్తున్నాం.

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాను, "మెచ్యూర్ అయితే ఇక ఎత్తు ఆగిపోయినట్టే" అని. ఎదుగుదల జోరు తగ్గుతుంది నిజమే. ఆగిపోదు. మొదటి నెలసరి తర్వాత కూడా సగటున 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. దానికీ తిండి కావాలి.

సన్నటి పిల్లల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ కంగారుపడరు. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో మన అమ్మాయి వారం ఎలా గడుస్తుందో చూడండి. స్కూల్లో నెట్‌బాల్, వారానికి రెండు కూచిపూడి లేదా భరతనాట్యం క్లాసులు, శనివారం ఈత, మధ్యలో సెలెక్టివ్ స్కూల్ కోచింగ్. పొద్దున్నే "ఆకలి లేదు" అని ఒక అరటిపండు. లంచ్ బాక్స్‌లో పులిహోర పెడితే స్నేహితులు వాసన అంటారని సగం వెనక్కి వస్తుంది. రాత్రి మాత్రమే సరిగ్గా తింటుంది. అరంగేట్రం ఏడాదైతే ప్రాక్టీస్ రెట్టింపు. ఖర్చు పెరిగింది, రాబడి అక్కడే ఉంది. రెండు నెలలు నెలసరి రాకపోతే "ప్రాక్టీస్ వల్లలే" అనుకుంటాం. ఆ మాట నిజమే, కానీ తేలిగ్గా తీసుకోవాల్సిన నిజం కాదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టింది, ఆటల వల్ల ఒంటికి ఏర్పడే శక్తి లోటు అన్న అర్థంలో, పొట్టిగా 'రెడ్-ఎస్'. ఇందులో పిల్ల బక్కచిక్కి కనిపించాలనేమీ లేదు. మామూలు బరువులో ఉండి కూడా లోటులో ఉండొచ్చు. ఈ లోటులో ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది, ఎముకలు గట్టిపడేది సరిగ్గా ఈ వయసులోనే. మనకు అరవై ఏళ్లొచ్చాక తుంటి ఎముక ఎంత గట్టిగా ఉంటుందో చాలావరకు ఇరవై ఏళ్లలోపే నిర్ణయమైపోతుంది. పదిహేనేళ్ల పిల్ల కాలి ఎముకలో సన్నటి పగులు వచ్చిందంటే, బూట్లు మార్చడంతో పాటు నెలసరి తేదీలు కూడా అడగాలి.

ఐరన్ గురించి ఒక్క మాట. ఇండియాలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. సముద్రం దాటగానే అది పోతుందనుకోవద్దు. ఆస్ట్రేలియా పోషకాహార ప్రమాణాల ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 15 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, అదే 9 నుంచి 13 ఏళ్ల దాకా 8 చాలు. అంటే దాదాపు రెట్టింపు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా "నాకూ అంతే ఉండేది" అని ఊరుకోకండి. మనకూ అంతే ఉండేదంటే మనల్నీ ఎవరూ చూపించలేదని అర్థం.

ఇక రెండో వైపు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

మీ అమ్మాయి మెడ వెనక నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా ఒక చార కనిపిస్తోందా? చంకల్లో కూడా ఉందా? శనగపిండి, పసుపు, నిమ్మచెక్క పెట్టి ఆదివారం ఆదివారం రుద్దుతున్నారా? రుద్దడం ఆపండి. అది మట్టి కాదు. ఎకాంథోసిస్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతున్నప్పుడు చర్మం అలా మందమవుతుంది. ఏ సబ్బుకూ పోని ఆ నలుపు, పిల్ల శుభ్రత గురించి కాక, ఆమె లోపలి లెక్క గురించి చెబుతోంది. ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాలు ఆండ్రోజెన్లను, అంటే మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్లను, ఎక్కువ తయారుచేస్తాయి. ఆ ఆండ్రోజెన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువ చేస్తుంది. దాంతో గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, అండం సమయానికి విడుదల కాక వెనక్కి వెనక్కి జరిగే నెలసరి. బరువు పెరిగితే ఇదంతా ఎక్కువవుతుంది. కానీ బరువు లేకుండా కూడా వస్తుంది.

ఎలాగంటే, మనవాళ్ల ఒంటి తీరే కాస్త వేరు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ కలిసి 2004లో 'లాన్సెట్'లో ఒక ఫోటో వేశారు. పక్కపక్కన ఇద్దరూ నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ డాక్టరుగారికి 9.1 శాతం, పుణె డాక్టరుగారికి 21.2. చొక్కా మీద నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. అందుకే ఆసియావాళ్లలో పెద్దలకు బీఎంఐ 23 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అదే ఏడాది సూచించారు. పిల్లలకు ఈ అంకె పెట్టి చూడకూడదు, వాళ్లకు వయసును బట్టి వేరే చార్ట్ ఉంటుంది. నేను చెప్పేదల్లా, మన అమ్మాయి సన్నగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు, బొద్దుగా ఉందని ముద్ర వేయడానికీ లేదు.

ఇక అందరి నోటా నలిగే పీసీఓడీ, పీసీఓఎస్. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. సుమారు 9 శాతం మందికి పీసీఓఎస్ ఉందని తేలింది. రెసిడెన్షియల్ కాలేజీ అనగానే మనలో సగం మందికి ఒళ్లు జలదరిస్తుంది, తెల్లవారుజామున స్టడీ అవర్, బెంచీ మీదే రోజంతా. ఆ అధ్యయనం వాడింది పెద్దవాళ్లకు పెట్టిన రాటర్‌డామ్ కొలమానం. నెలసరి తేడా, ఆండ్రోజెన్ ఎక్కువ, స్కాన్‌లో అండాశయాలు బుడగలు బుడగలుగా కనిపించడం, ఈ మూడింట్లో రెండుంటే చాలు. ఈ లెక్కలో స్కాన్‌కు చోటుంది. టీనేజ్ పిల్లల దగ్గర చిక్కంతా అక్కడే.

ఎందుకంటే, కొత్తగా నెలసరి మొదలైన ఆరోగ్యవంతురాలైన అమ్మాయికి స్కాన్ చేసినా అలాగే కనిపించవచ్చు. వాటిని తిత్తులు అంటాం గానీ అవి తిత్తులు కావు, ఇంకా ముదరని అండాల గూళ్లు. ఆ వయసులో అవి ఎక్కువే ఉంటాయి. ఈ విషయంలో ప్రపంచమంతా అనుసరించే మార్గదర్శకాలు మన మెల్‌బోర్న్‌లోనే, మోనాష్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ హెలెనా టీడ్ సారథ్యంలో తయారయ్యాయి. 2018లో మొదటిసారి వచ్చాయి, 2023లో సవరించారు. అవి స్పష్టంగా చెప్పేదేమిటంటే, మొదటి నెలసరి నుంచి ఎనిమిదేళ్లు గడిచేదాకా పీసీఓఎస్ నిర్ధారణకు అల్ట్రాసౌండ్ వాడొద్దు. ఏఎంహెచ్ రక్తపరీక్ష కూడా వాడొద్దు. టీనేజ్ అమ్మాయిలో నెలసరి తేడా, ఆండ్రోజెన్ ఎక్కువైన లక్షణాలు, ఈ రెండూ ఉంటేనే ఆ పేరు పెట్టాలి. ఒకటే ఉంటే 'ముప్పు ఉండొచ్చు' అని రాసుకుని, చికిత్స అవసరమైతే చేస్తూ, తర్వాత మళ్లీ చూడాలి.

నాకు బాగా తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. వాళ్లమ్మ సరేనన్నాకే, పోల్చుకునే వివరాలు తీసేసి రాస్తున్నాను. పిల్లకు పదమూడేళ్లు. రజస్వల అయి ఏడాది దాటింది, నలభై రోజులకోసారి వస్తోంది. కాస్త బొద్దు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు, ఎలాగూ వచ్చారు కదా అని బంధువులు ఒక స్కాన్ సెంటర్‌కు తీసుకెళ్లారు. పీసీఓడీ అన్నారు. బరువు తగ్గకపోతే రేపు పిల్లలు పుట్టడం కష్టం అని పిల్ల ఎదురుగానే అన్నారు. పదమూడేళ్ల పిల్ల! తిరిగొచ్చాక ఆ అమ్మాయి లంచ్ బాక్స్ స్కూల్ చెత్తబుట్టలోకి పోవడం మొదలైంది. ఇంట్లో "కడుపు నిండిపోయింది" అనేది. నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. గుడిలో, పుట్టినరోజు పార్టీల్లో ప్రతి ఆంటీ మెచ్చుకున్నారు, ఏం డైట్ అని అడిగినవాళ్లూ ఉన్నారు. అప్పటిదాకా నలభై రోజులకు వస్తున్న నెలసరి పూర్తిగా ఆగిపోయింది. పీసీఓడీ ముదిరిందనుకుని తల్లి ఇంకా తిండి తగ్గించింది.

జీపీ అడిగిన మొదటి ప్రశ్న బరువు గురించి కాదు, "నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నావు?" అని. రక్తపరీక్షల్లో ఆండ్రోజెన్లు మామూలుగానే ఉన్నాయి. ఆ వయసుకు నలభై రోజుల చక్రం అసలు తేడానే కాదు. లేని జబ్బుకు చేసిన పథ్యం ఉన్న నెలసరిని ఆపేసింది. ఇప్పుడు డైటీషియన్, సైకాలజిస్ట్ ఇద్దరూ చూస్తున్నారు, కోలుకుంటోంది. ఇంకా అన్నం పళ్లెం ముందు కూర్చుంటే ఆ అమ్మాయి చేయి ఆగుతుందట. మీ ఇంట్లో ఇలాంటి అనుమానం ఉంటే బటర్‌ఫ్లై ఫౌండేషన్ హెల్ప్‌లైన్ 1800 33 4673 ఉంది, తల్లిదండ్రులు కూడా మాట్లాడొచ్చు.

ఆ తర్వాత వాళ్లమ్మ ఊరికి ఫోన్ చేసి, ఇక పిల్ల ఒంటి గురించి ఎవరూ ఏమీ అనొద్దని అత్తగారికి చెప్పిందట. "మరి ఏం మాట్లాడమంటావే?" అన్నారట ఆవిడ. "నెట్‌బాల్ గురించి అడగండి అత్తయ్యా." "అదేం ఆటో నాకేం తెలుసు?" "అదే అడగండి." ఇప్పుడు ఆవిడకు గోల్ అటాక్ ఎవరో, వింగ్ డిఫెన్స్ ఎవరో తెలుసు.

క్యాలెండర్ అన్నాను కదా, దాన్నెలా చదవాలో చెబుతాను. ఫ్రిజ్ మీద వేలాడే క్యాలెండర్ కాదు, పిల్ల ఫోన్‌లోనో చిన్న పుస్తకంలోనో ఆమే రాసుకునేది. మొదటి రోజు నుంచి మళ్లీ మొదటి రోజుకు లెక్క. రజస్వల అయిన మొదటి ఏడాది ఎలా వచ్చినా చాలావరకు మామూలే, మెదడూ అండాశయాలూ ఇంకా ఒకరికొకరు అలవాటు పడుతుంటాయి. ఏడాది నుంచి మూడేళ్ల లోపు 21 నుంచి 45 రోజుల మధ్య ఉంటే సరే. మూడేళ్లు దాటాక 21 నుంచి 35 రోజులు, ఏడాదికి కనీసం ఎనిమిది సార్లు. మొదటి ఏడాది దాటాక ఏ ఒక్కసారైనా 90 రోజులు దాటితే డాక్టరును కలవాలి, పిల్ల లావైనా సన్నమైనా. పదిహేనేళ్లొచ్చినా, లేదా రొమ్ములు పెరగడం మొదలై మూడేళ్లు దాటినా రజస్వల కాకపోతే చూపించాలి. ఎనిమిదేళ్ల లోపే రొమ్ములు కనిపిస్తే కూడా అంతే.

నిజంగానే బరువు ఎక్కువుండి, మెడ నలుపుండి, నెలసరి సరిగా లేని పిల్లకు ఏం చేయాలి? కీటో, మిల్లెట్ మారథాన్, రాత్రి ఉపవాసం, ఏదీ వద్దు. ఫలానా ఆహార పద్ధతే మిగతావాటికంటే మేలన్న ఆధారం లేదని అవే మోనాష్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేయండి. అన్నం తీసేయకండి, పక్కన పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచండి. జ్యూస్, బబుల్ టీ మానేయగలిగితే అదే పెద్ద మార్పు. ఆస్ట్రేలియా మార్గదర్శకాలు ఈ వయసుకు రోజుకు గంట ఒళ్లు కదపాలని, వారంలో మూడు రోజులు కండరాలకు పని చెప్పాలని అంటాయి. 14 నుంచి 17 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర. కోచింగ్ పేరుతో మనం ముందుగా కోసేది ఆ నిద్రనే. తూకం యంత్రాన్ని బాత్రూమ్‌లోంచి తీసి గరాజ్‌లో పెట్టండి. బరువు చూడాల్సి వస్తే క్లినిక్‌లో చూస్తారు.

జీపీ దగ్గర లాంగ్ అపాయింట్‌మెంట్ అడగండి, మామూలు దాంట్లో ఇదంతా పట్టదు. ఆరునెలల తేదీలు పట్టుకెళ్లండి. మధ్యలో డాక్టర్ మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి. ఇక్కడ టీనేజ్ పిల్లలతో విడిగా మాట్లాడటం పద్ధతి. లంచ్ బాక్స్ ఎక్కడికి పోతోందో మనకు చెప్పని పిల్ల ఆ గదిలో చెప్పొచ్చు.

పీసీఓఎస్ అని తేలితే గర్భనిరోధక మాత్రలు రాయొచ్చు. ఆ పేరు వినగానే మనలో చాలామంది చీటీ మడిచి పర్సులో పెట్టేసుకుంటాం, పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలేమిటి అని. ఇక్కడ వాటి పని వేరు. ఆండ్రోజెన్లను తగ్గించి, గర్భాశయం లోపలి పొర నెలల తరబడి మందంగా పేరుకుపోకుండా చూడటం. వాటివల్ల రేపు పిల్లలు పుట్టకుండా పోరు. కొందరికి ఇవి పడవు, మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా ముందే చెప్పాలి. మాత్ర వేసుకుంటూ ఉండగా ఆండ్రోజెన్ పరీక్ష చేస్తే అంకెలు సరిగ్గా రావు. కాబట్టి రక్తపరీక్షలన్నీ అయ్యాయా అని అడిగి, అయ్యాకే మొదలుపెట్టించండి.